భద్రాచల రామదాసు పూర్వజీవితము – దాస్యభావ మూలములు

భద్రాచల రామదాసు చరిత్ర యనగానే తెలుగువారి మనస్సున ముందుగా మెదలునది గోలకొండ చెరసాల. పన్నెండేండ్ల కారాగారవాసము, కొరడా దెబ్బలు, రామోజీ లక్ష్మోజీల రూపమున రామలక్ష్మణులు వచ్చి తానీషాకు పైకము చెల్లించుట, ఇవియే హరికథలలోను, నాటకములలోను, చలనచిత్రములలోను ప్రధానములైనవి. చెరకు పూర్వము కంచర్ల గోపన్న ఎట్టివాడు, ఏమి చదివినాడు, ఎవరి వలన ఏమి పొందినాడు అను ప్రశ్న ఈ కథల ధాటికి మరుగున పడినది. దుఃఖమే భక్తిని పుట్టించినదని కొందరు తేలికగా తేల్చివేయుదురు. రాజదండనకు గురియైన ఉద్యోగులు ఏ రాజ్యముననైనను ఎందరో ఉందురు. వారందరును శతకకర్తలు కాలేదు, వాగ్గేయకారులు కాలేదు. చెర పరిపాకమునకు హేతువగును గాని బీజమునకు కాదు. ఆ బీజమును నేలకొండపల్లిలోను, పాల్వంచ పరగణా అడవులలోను వెదకవలెను.

నేలకొండపల్లి నేడు ఖమ్మము జిల్లాలోని మండల కేంద్రము. ఊరి వెలుపల బౌద్ధస్తూపావశేషములు కలవు. భారతములోని విరాటనగరము ఇదియేనని స్థానికుల నమ్మకము. విరాటరాజు దిబ్బ, కీచకగుండము అను పేర్లు అచట వాడుకలో ఉన్నవి. చారిత్రకులు దీనిని అంగీకరింపనక్కరలేదు. పురాణకథలను తన పొలిమేరలోనే చూచుకొనుట ఆ సీమకు అలవాటని గ్రహించిన చాలును. పాండవులు తమ చేలగట్ల మీద నడచినారని వినుచు పెరిగిన బాలునికి, గోదావరి గట్టున రాముడు వెలసియున్నాడని తరువాత విన్నపుడు అది దూరపు వార్తగా తోచదు.

గోపన్న వంశవృత్తాంతమునకు దాశరథీ శతకములోని తుదిపద్యమే ప్రథమ ప్రమాణము. అందు తాను లింగమంత్రి కుమారుడననియు, అత్రిగోత్రజుడననియు, కంచర్ల వంశీయుడననియు చెప్పుకొనినాడు. తల్లి పేరు కామాంబ యని సంప్రదాయము. తండ్రి పేరునకు చేరిన మంత్రి శబ్దమును చూచి ఆయన ఏదో రాజ్యమున అమాత్యుడని భ్రమపడరాదు. నియోగి కుటుంబములలో అది గౌరవవాచకముగా నిలిచినది. అయినను ఆ శబ్దము వట్టిది కాదు. కరణికము, సుంకముల లెక్కలు, రాజకార్యములు ఆ శాఖవారికి కులవిద్యలైనవి. అట్టి యింటి బాలునకు అమరము, రామాయణము, ఆంధ్రకావ్యములు ఒక వైపున, గణితము, కవిలెకట్టలు మరొక వైపున అలవడుట ఆ కాలపు రీతి. గోలకొండ కొలువున దస్తావేజుల భాష పారసీకము. కుతుబ్‌షాహీల ఫర్మానాలు పారసీకముతో పాటు తెలుగులోను వెలువడినవి. ఆ రెండు భాషల నడుమ నిలిచి వ్యవహారము నడపగలవానికి కొలువు దొరకుట కష్టము కాదు. శతకాంత పద్యమున గమనింపదగిన విశేషము వేరొకటి కలదు. తండ్రిని, గోత్రమును, వంశమును పేర్కొనిన కవి తన ఉద్యోగమును పేర్కొనలేదు. గోలకొండ ప్రధానులైన బంధువులను పేర్కొనలేదు. తాను కవినని, రామునకు దాసుడనని మాత్రము చెప్పినాడు.

ఆ బంధువులు అక్కన్న మాదన్నలు. వారు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. ఇచట కాలక్రమము కొంత విచారింపదగినది. గోపన్న జననము 1620 ప్రాంతమని వాడుక. అబుల్ హసన్ తానీషా సింహాసనమెక్కినది 1672లో. మాదన్న మీర్ జుమ్లా పదవిని పొందినది 1674 ప్రాంతమున. 1686లో ఆ సోదరులిరువురును హతులైరి. మరుసటి యేట గోలకొండ ఔరంగజేబు వశమైనది. మాదన్న ప్రధాని యైన తరువాతనే మేనల్లునికి తహసీలు ఇప్పించినచో వసూళ్ళు, ఆలయనిర్మాణము, విచారణ, పన్నెండేండ్ల చెర, విడుదల, ఇవన్నియు ఆ కొలది సంవత్సరములలో ఇముడవలసి వచ్చును. అది పొసగదు. పన్నెండు అను సంఖ్య దీర్ఘకాలమును సూచించు వాడుకయైనను కావలెను. లేదా మాదన్న ప్రధాని కాకముందే, గోలకొండ కొలువున చిన్న ఉద్యోగమున ఉన్న దినములలోనే, మేనల్లునికి దారి చూపియైనను ఉండవలెను. రెండవ పక్షమే యుక్తతరముగా తోచును. అక్క కొడుకు మేనమామ యీడువాడగుట తెలుగు కుటుంబములలో వింత కాదు గనుక 1620 అను సంవత్సరము ఈ పక్షమునకు బాధకము కాదు. ఎట్లు చూచినను గోపన్న బాల్య యౌవనములు తానీషా కాలమునకు చెందినవి కావు; అంతకు పూర్వుడైన అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) ఏలుబడికి చెందినవి. కథలలో తానీషా నీడ గోపన్న జీవితమంతయు పరచుకొనుట చేత ఈ సంగతి మరపునకు వచ్చినది.

గోపన్నకు కవిత్వము భద్రాచలములో పుట్టలేదు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) నాటి నుండియు గోలకొండ సీమలో తెలుగు కవులకు ఆదరణ కలదు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆ ప్రభువునకే అంకితమిచ్చెను. పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము అమీను ఖానునకు అంకితమైనది. పద్యము అల్లగల యువకుడు ఒక అధికారికి కృతినిచ్చి సత్కారము పొందుట ఆనాటి లోకమర్యాద. గోపన్నయు ఆ త్రోవలోనే మొదట నడచినట్లు దాశరథీ శతకములోని యొక పద్యము చెప్పుచున్నది. తాను పూర్వము దుష్టులకు కావ్యమునిచ్చి మోసపోతినని, రేగుపండ్లకై ముత్యములను వెలపోసినవాని వంటివాడనైతినని అందు పశ్చాత్తాపము ప్రకటించినాడు. దీనిని శతకకవుల సామాన్యోక్తిగా కొట్టివేయుట తగదు. నరస్తుతిని నిందించుట కవులకు వాడుక. తాను చేసితినని ఒప్పుకొనుట వాడుక కాదు. ఓరుగల్లు సీమలోని బమ్మెర పోతన తన కృతిని నరునకు ఈయనొల్లలేదని ప్రసిద్ధి. గోపన్న ఇచ్చి, పిదప చింతించినాడు. ఈ భేదము స్వల్పమైనది కాదు. మొదటిది నిష్ఠ, రెండవది పరివర్తనము. ఉపమానము కూడ గమనింపదగినది. పద్యమును గూర్చి పలుకుచున్నను అతనికి స్ఫురించినది ఒక క్రయవిక్రయము, అందులోని నష్టము. లెక్కలు చూచు ఇంట పుట్టినవాని మనస్సు అది.

పరివర్తనమునకు కారకులైన గురువులను గూర్చి రెండు కథనములు కలవు. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయిన గోపన్న రామభజనలతో కాలము గడపుచుండగా రఘునాథ భట్టరు అను వైష్ణవాచార్యుడు అతనికి సంప్రదాయదీక్ష నొసగినాడని ఒకటి. కబీరుదాసు నేలకొండపల్లికి వచ్చి రామతారక మంత్రమును ఉపదేశించినాడని రెండవది. పండితులు మొదటిదానిని, భజనపరులు రెండవదానిని పట్టుకొని, ఒకదానితో నొకటి పొసగదన్నట్లు వాదించుట కలదు. గోపన్న రచనలను ప్రమాణముగా గొన్నచో ఆ వాదము నిలువదు.

మొదటిదానికి రచనలలో ఆధారములు పుష్కలముగా ఉన్నవి. శ్రీవైష్ణవ దీక్షలో తాపము, పుండ్రము, నామము, మంత్రము, యాగము అని ఐదు సంస్కారములు కలవు. అందు నామసంస్కారమున శిష్యునకు దాసశబ్దాంతమైన పేరు లభించును. గోపన్న రామదాసు డగుట ఇట్టి సంస్కారఫలమని ఊహించుట యుక్తము. శతకమున నొకచోట గోదావరిని విరజానదిగాను, భద్రగిరి శిఖరమును వైకుంఠముగాను, సీతను లక్ష్మిగాను, సేవకబృందమును వైష్ణవాచారపరులుగాను భావించినాడు. విరజ పరమపదమునకు ఎల్లయని చెప్పు శాస్త్రసంప్రదాయము తెలిసినవానికి గాని ఈ రూపకము స్ఫురింపదు. ఇంతకంటెను బలమైన ఆధారము కీర్తనలలో కలదు. భగవంతునకును జీవునకును నడుమ లక్ష్మి నిలిచి జీవుని పక్షమున విన్నవించుటను శ్రీవైష్ణవులు పురుషకారమందురు. తన్ను బ్రోవుమని ఏకాంతవేళ భర్తతో చెప్పవలసినదిగా సీతమ్మను వేడుకొనిన కీర్తన తెలుగునాట తెలియనివారు లేరు. తల్లిని అడ్డుపెట్టుకొని తండ్రిని అడుగు బిడ్డ చమత్కారముగా దానిని అందరును పాడుకొందురు. అది పురుషకార సిద్ధాంతమునకు ఇంటిమాటలలో చేసిన వ్యాఖ్యానము.

కబీరు కథను చరిత్రగా యథాతథముగా గ్రహింపలేము. కాశీనివాసియైన కబీరు గోపన్నకు నూరేండ్లకు పైగా పూర్వుడు. ఆ మహనీయుని మార్గమున నడచిన కబీరుపంథీ సాధువు గాని, ఆ గౌరవనామము గల ఫకీరు గాని నేలకొండపల్లికి వచ్చియుండునని పలువురు సమన్వయించిరి. అది ఒప్పుకొనదగినదే. వ్యక్తి యెవరైనను భావముద్ర స్పష్టముగా ఉన్నది. తారకమంత్రము లభించి ధన్యుడనైతినని పొంగిపోయిన కీర్తనలో, ఇక నూట యెనిమిది తిరుపతులు తిరుగ పనిలేదనియు, పుణ్యనదులలో మునుగ పనిలేదనియు గోపన్న చెప్పినాడు. తీర్థయాత్రలకంటె నామమునకు పెద్దపీట వేయుట కబీరుమార్గ లక్షణము. నూట యెనిమిది తిరుపతులను లెక్కించుట శ్రీవైష్ణవ పరిభాష. ఒక సంప్రదాయపు మాటతో మరొక సంప్రదాయపు భావమును పలికినాడు. అదే కీర్తనలో నారాయణు డొక్కడే యను ఉపనిషదర్థమును చేర్చినాడు. తారకమంత్రమును కాశిలో శివుడు ముముక్షువుల చెవిలో ఉపదేశించునని రామోత్తరతాపినీయము చెప్పును. శతకములోను రామనామము హరునకు, పార్వతికి మంత్రరాజమైనదని అన్నాడు. ఆ మంత్రరాజమును తిరుమంత్రమని ద్రావిడ వైష్ణవ పదముతో పేర్కొన్నాడు. స్మార్తగృహమున పుట్టి, వైష్ణవాచార్యుని ఆశ్రయించి, నిర్గుణమార్గీయుని మాటను చెవిని పెట్టినవాని పలుకు ఇట్లుండుట సహజము. ఈ మూటిలో ఏ ఒక్కదానిని తొలగించి చూచినను రామదాసు సగమే కనబడును.

ఈ కాలమున గోపన్న గృహస్థుడు. భార్య పేరు కమలమ్మ యని చెప్పుదురు. భాగవతులకు నిత్యసంతర్పణలు చేసి పిత్రార్జితమును హరింపజేసినాడట. ఒక సంతర్పణనాడు బిడ్డ గంజిలో పడి మరణింపగా రామనామముతో బ్రదికించుకొనినాడను కథ ప్రసిద్ధము. అందలి మహిమను నమ్మువారు నమ్ముదురు. చరిత్రకు పనికివచ్చునది వేరు. బిడ్డ మునుగునంతటి గంజి వార్చదగిన వంట ఆ యింట జరుగుచుండినదని లోకము తలచినది. చేతికి వచ్చిన ధనమును రామకైంకర్యమున వెచ్చించుట గోపన్నకు పాల్వంచలో కలిగిన కొత్త బుద్ధి కాదు. నేలకొండపల్లిలో సొంత సొమ్ముతో చేసినదానినే పాల్వంచలో దివాణపు సొమ్ముతో చేసినాడు. మొదటిదానిని లోకము ఔదార్యమన్నది. రెండవదానిని ప్రభువు నేరమన్నాడు.

పాల్వంచ పరగణా తహసీల్దారుగా వచ్చుటతో గోపన్న జీవితము కరణాల చావడుల నుండి అడవి అంచునకు చేరినది. ఖమ్మము వైపు సాగుభూములు ముగిసి, గోదావరి దాటిన కొలదియు కోయల పల్లెలు, టేకు, వెదురు, తాటివనములు. రామాయణము ఆ అడవిలో ఊరి పేర్లుగా వ్యాపించియున్నది. గోదావరి ఎగువన పర్ణశాల. పట్టణము చెంతనే జటాయువు పేర ఏటపాక. దిగువన కూనవరము వద్ద గోదావరిలో కలియు ఏటి పేరు శబరి. భద్రాచల పట్టణము 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్నది. ఏటపాక, కూనవరములు 2014లో ఆంధ్రప్రదేశమున చేరినవి. రాజ్యముల ఎల్లలు మారినను కథకు ఎల్లలు మారలేదు. భద్రిరెడ్డిపాలెమునకు చెందిన పోకల దమ్మక్క పుట్టలో మూర్తులను కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నివేదించుచుండెనని స్థలకథనము. ఆమెను కోయవనితగా ఆ ప్రాంతమువారు తలంతురు. తిరునాళ్ళకు పోవు జనుల వలన ఈ సంగతి విని గోపన్న భద్రగిరికి వచ్చినాడట. చతుర్భుజుడై, శంఖచక్రములతోపాటు ధనుర్బాణములు ధరించి, ఎడమ తొడపై సీతతో కూడిన రాముడు అచటి మూలమూర్తి. రాముడును వైకుంఠనాథుడును ఒక్కరే యని ఆచార్యుని వద్ద విన్నవానికి ఆ విగ్రహము శాస్త్రార్థమును కన్నులయెదుట నిలిపినట్లయినది.

దమ్మక్క ప్రభావమును చరిత్రకారులు ఒక వాక్యముతో దాటవేయుదురు. అది న్యాయము కాదు. ఆచార్యుల వలన గోపన్నకు ప్రపత్తిశాస్త్రము తెలిసినది. శాస్త్రము తెలియకయే ప్రపన్నురాలైన వ్యక్తిని అతడు ఈ అడవిలో చూచినాడు. శతకమున ఒక పద్యములో శబరి నీకు దగ్గరి చుట్టమా యనియు, గుహుడు నీ దాసులకు దాసుడా యనియు, వారిని ఏలుకొనిన నీవు నన్నేల కానవనియు రాముని నిలదీసినాడు. అహల్య, గజేంద్రుడు, ద్రౌపది మొదలైనవారు భక్తికవు లెల్లరకును సామాన్యమైన ఉదాహరణములు. శబరీగుహులను జంటగా గ్రహించి, వారి పట్ల ఈర్ష్యవంటి భావముతో పలుకుట మాత్రము ఆ అడవిలో ఉద్యోగము చేసినవానికి తగినట్లున్నది. వాల్మీకమున శబరి అర్పించినవి అడవిలో కూర్చిన వన్యాహారములే. ఎంగిలిపండ్ల ముచ్చట తరువాతి భక్తిసాహిత్యమున పెరిగినది. తెలుగు జనశ్రుతిలో ఆ పండ్లు రేగుపండ్లు. ముత్యములను రేగుపండ్లకు అమ్ముకొంటినని నొచ్చుకొనిన కవికి ఆ రేగుపండ్లే రామునకు ముత్యములకంటె మిన్నయైన స్థలము దొరకినది.

తరువాతి కథ అందరెరిగినదే. ప్రజల వద్ద విరాళములు కూర్చి, చాలక, దివాణమునకు చేరవలసిన ఆరులక్షల పైకమును వెచ్చించి ఆలయము కట్టించినాడని, అందుకై గోలకొండలో బందీ యైనాడని చెప్పుదురు. ఆలయము కట్టునపుడు అనుమతి ఉన్నదా, తరువాత నిరాకరింపబడినదా యను చర్చ ఈ వ్యాసవిషయము కాదు. పూర్వజీవితపు ముద్ర చెరలోని కీర్తనలపై ఎట్లు పడినదో చూచుట మాత్రము అవసరము.

ఇక్ష్వాకుకులతిలకుని సంబోధించిన ప్రసిద్ధకీర్తనలో ప్రాకారమునకు ఇంత, భరతుని పచ్చల పతకమునకు ఇంత, శత్రుఘ్నుని మొలత్రాటికి ఇంత, లక్ష్మణుని ముత్యాల పతకమునకు ఇంత, సీతమ్మ చింతాకు పతకమునకు ఇంత యని వరహాలును మొహరీలును లెక్కించి చెప్పినాడు. దానిని విసిగిన భక్తుని నిష్ఠురముగా రసికులు మెచ్చుకొందురు. రూపమును బట్టి చూచిన అది జమాఖర్చుల చిట్టా. పద్దు, వివరము, పైకము, మరల పద్దు. ఉద్యోగి తనపై వచ్చిన అభియోగమునకు లెక్క అప్పగించు పద్ధతి యిదియే. గోలకొండ అధికారులు అడిగిన లెక్కను గోపన్న రామునకు అప్పగించినాడు.

ఇచట ఒక తత్త్వవిరోధము తలయెత్తును. ప్రపన్నుడు తన సేవకు ప్రతిఫలము నడుగరాదు. సేవయే ఫలమని పూర్వాచార్యుల నిర్ణయము. లెక్క చూపి అడుగుట ఆ నిర్ణయమునకు విరుద్ధము. రఘునాథ భట్టరు శిష్యునకు ఇది తెలియనిది కాదు. తెలిసియు అడిగినాడు. ఆ కీర్తన తుదిలోనే, దెబ్బల కోర్వలేక తిట్టితినని, దానికి నొచ్చుకొనవలదని రామునే బుజ్జగించినాడు. ఒకే పాటలో కరణము కొడుకు లెక్క అడిగినాడు, భట్టరు శిష్యుడు క్షమార్పణ చెప్పుకొనినాడు. ఈ రెండు గొంతులలో ఒకదానిని దాచివేయకపోవుటయే రామదాసు దాస్యభావమున గల సత్యము. శాస్త్రమునకు లొంగి లెక్కను మ్రింగివేసినచో అతడు మరియొక స్తోత్రకర్త యయ్యెడివాడు. లెక్కనే పట్టుకొని నిలిచినచో అలిగిన యుద్యోగి యయ్యెడివాడు.

దాశరథీ శతకమున కీర్తనలలో వలె కారాగారవేదన ప్రధానముగా వినబడదు. ఉత్పలచంపకమాలల నడక నిండుగా, తొందరపాటు లేక సాగును. కలిమి గల దినములలో మైమరచి, చిక్కులలో పడిన పిమ్మట పుణ్యమును తలచుట ఇల్లు కాలునపుడు నీటికై త్రవ్వుట వంటిదని అందొక పద్యమున హెచ్చరించినాడు. అది బందీ పలుకువంటిది కాదు. కలిమి ఇంకను చేతిలో ఉన్నవాడు తనకు తాను చెప్పుకొనిన బుద్ధివలె ఉన్నది. కావున శతకమును చెరకు పూర్వరచనగా, కీర్తనలలో పెక్కింటిని చెరలోని రచనలుగా భావించుట సమంజసము. వీధిబడులలో తరతరముల తెలుగు బాలురు కంఠస్థము చేసిన ఆ శతకము పాల్వంచ తహసీల్దారు కృతి. త్యాగరాజస్వామి తన కీర్తనలలోను, ప్రహ్లాదభక్తివిజయములోను స్మరించి నమస్కరించిన రామదాసు గోలకొండ బందీ. వారిరువురును ఒక్కరే యగుటకు నేలకొండపల్లిలో గడచిన సంవత్సరములు కారణము.